బొడ్రాయి ఎటు వంగింది

మోదుగుకుంటల ఆడోళ్లు పొయ్యి మీద ఎసరు పెట్టే ముందు గడియారం చూడరు, బొడ్రాయిని చూస్తరు. ఊరి నడుమ, కిష్టప్ప సేటు దుకానం ముంగట, మోకాలెత్తు నల్లరాయి అది. ఊరి మనిషి పొలిమేర దాటి ఎటు పోతే రాయి అటు వంగుతది. ఆ మనిషి తిరిగొస్తే నిలవడ్తది. దాని అలవాటు అది. పొద్దున కోడి కూసినందుకు ఎవరన్న పంచాయితి పెడ్తరా? ఇదీ అంతే.

వెనుకట రాయికి పని తక్కువుండె. సంతకు పోయినోళ్ల కోసం ఒక పూట, పెండ్లికి పోయినోళ్ల కోసం ఇంకో పూట వంగి, మిగిలిన దినాలు సుఖంగ నిలవడుండేది. పటాన్‌చెరు దిక్కు కార్ఖానాలు వచ్చినంక దాని నడుము ఇరిగింది. పొద్దుగాల మొగోళ్లు టిఫిన్ గిన్నెలు సైకిళ్లకు తగిలించుకొని బయలెల్లితే రాయి నైరుతికి ఒరుగుడు షురూ చేస్తది. సాయంత్రం సైరన్ మోగి వాళ్లు ఇంటి దారి పడితే మెల్లగ లేస్తది. ఇంక బెత్తెడు వంపు ఉన్నదనంగ బియ్యం ఎసట్ల పడాలె. రాయి నిలవడేసరికి గంజి వార్చాలె. అప్పుడే మొగడు కాళ్లు కడుక్కొని కూసునే యాల్లకు కంచంల బువ్వ పొగలు కక్కుతది. ఈ లెక్క తప్పి సల్లబువ్వ పెట్టిన కోడలిని అత్తలు వారం దినాలు సాధించేటోళ్లు. రాయి నిలవడ్డది కనవడలేదా, నీ కండ్లేడ పెట్టుకున్నవే అని.

ఈ లెక్కతోని పని లేని ఆడమనిషి ఊర్ల ఒక్కతే ఉండె. ఆమె రంగూనక్క. ఆమె ఎవరి కోసం ఎసరు పెట్టేది లేదు, ఆమె కోసం ఎసరు పెట్టేటోళ్లు లేరు. ఎప్పుడు ఆకలైతే అప్పుడు ఇంత వండుకొని తినేది.

ఆమె అసలు పేరు ఆదిలక్ష్మి. తండ్రి సముద్రం ఒడ్డు నుంచి బతకపోయిన తెలుగాయన, తల్లి బర్మామె. రంగూన్ దవాఖానల ఆయాగ పని చేసుకుంట కాన్పులు చేసుడు నేర్చుకున్నది. అక్కడనే ఓడరేవుల బస్తాలు మోసే చిన్నరాములు ఆమెను చేసుకున్నడు.

ఈ చిన్నరాములుది మోదుగుకుంట. మీసాలు మొలవని వయసుల, దొర గడీల వెట్టి చెయ్యలేక ఒక పొద్దు పారిపోయిండు. బొంబాయి పోయిండు, అక్కడ ఓడెక్కిండు, ఇగ పత్తా లేడు. ఊరంత, పోరడు చచ్చిపోయిండు, దినాలు చెయ్యున్రి అన్నరు. తల్లి ఆగమ్మ ఒప్పుకోలేదు. "మీ నోట్ల మన్నువడ, రాయిని చూసి మాట్లాడున్రి" అన్నది. ఖరే గద. పొద్దుగూకి ఊరోళ్లంత ఇండ్లు చేరినంక గూడ రాయి తూర్పుకు ఇంత వంగే ఉండేది. ఏండ్లకేండ్లు అట్లనే ఉండె. ఆగమ్మ రోజూ దాని పక్కన కాసేపు కూసొని పోయేది.

అరవై నాలుగుల బర్మా సర్కారు దుకాండ్లు, మిల్లులు గుంజుకుంటే, మనోళ్లంత కట్టుబట్టలతోని ఓడలెక్కిన్రు. చిన్నరాములు గూడ పెండ్లాన్ని తీసుకొని మద్రాసుల దిగి, అక్కడి నుంచి ఊరికి వచ్చిండు. ఆ దినం ఆదిలక్ష్మి జన్మల మరిచిపోలేదు. ముందుగాల జాబు రాసింది లేదు, కబురు పెట్టింది లేదు. ఇంట్ల అడుగు పెట్టేసరికి ముసల్ది పీట ఏసి, కంచం పెట్టి, వేడి బువ్వ వడ్డించి కూసున్నది. అన్నేండ్లకు వచ్చిన కొడుకును చూసి ఏడువలేదు, ఎత్తిపొడువలేదు. బువ్వ సల్లారుతది తినురా అన్నది. ఏడ్చింది చిన్నరాములే. ముద్ద నోట్ల పెట్టుకొని మింగలేక ఏడ్చిండు. గడప కాడ నిలవడ్డ ఆదిలక్ష్మికి అప్పుడు ఒకటే అనిపించింది. నా కోసం గిట్ల ఎవరన్న ఎసరు పెడ్తరా ఎప్పుడన్న?

కొత్త కోడలు ఊరికి రాంగనే రాయికి ఆమె గుర్తుండదు. ఏడాదో రెండేండ్లో అయితది. ఆమె పుట్టింటికి పోయినప్పుడు రాయి ఒక దినం అటు వంగుతది. ఆ పొద్దు అత్త ముచ్చటవడి కోడలికి కొత్త గాజులు ఏపిస్తది. ఇగ ఆమె ఊరి మనిషైనట్టు. రంగూనక్కకు ఆ యోగం లేకపోయె. పుట్టింటికి పోతే గద తెలిసేది. ఆమె పుట్టిల్లు సముద్రానికి ఆవల ఉన్నది. కోడలికి గాజులు పెట్టాలని చూసి చూసి ఆగమ్మ పోయింది. కొన్నాళ్లకు కామెర్లు ముదిరి చిన్నరాములు గూడ పోయిండు. పిల్లలు లేరు.

రంగూనక్క మాత్రం ఊర్లనే ఉన్నది. కాన్పులు చేసేది. మోదుగుకుంటల నడిచే పిల్లలు, పాకే పిల్లలు, అందరి బొడ్లు కోసింది ఆమెనే. చుట్టుపక్కల ఊర్లోళ్లు గూడ బండి కట్టుకొని వచ్చి రమ్మని బతిమాలేటోళ్లు. ఆమె పోకపోతుండె. నొప్పులు వడే పిల్లనే బండిల ఏసుకొని ఈడికి తెమ్మనేది. రంగూనక్కకు టెక్కు అని పక్కూరు జిన్నారంల అనుకునేటోళ్లు. టెక్కు గాదు, ఏం గాదు. అది భయం. ఊరంత ఇంట్ల ఉన్నప్పుడు తానొక్కతి పొలిమేర దాటితే, రాయి కదలకుండ నిలవడితే, ఊరంత చూస్తది గద. ఒకసారి చూసినంక ఎవరి నోరు మూస్తం? తెల్వకుండ ఉన్నన్ని దినాలన్న బతకొచ్చు అని ఆమె లెక్క.

ఏడాదికొక్కసారి మాత్రం దాటక తప్పేది గాదు. రంగూన్ కాయితాల మీద వచ్చింది కాబట్టి ఆమె పరాయి దేశపు మనిషి. సంగారెడ్డి పోలీసు ఆఫీసుకు పోయి, నేను ఇంకా ఈడనే ఉన్న అని చెప్పి ముద్ర ఏయించుకొని రావాలె. అది సర్కారు కాయిదా. ఆమె కార్ఖానాలు నడిచే దినమే చూసుకొని, మొగోళ్లు పోయినంక పోయి, వాళ్లు రాకముందే వచ్చేది. అప్పుడు రాయి ఎట్లాగు ఒరిగే ఉంటది. అందుల తన వంతు ఎంతున్నదో, అసలున్నదో లేదో, ఎవరికి తెలుస్తది? పోయినోళ్లకు ఎట్లాగు కనవడది. రాయి తన కోసం వంగంగ చూసిన మనిషి లోకంల లేడు.

డెబ్బైల ఎండాకాలం ఆఫీసుల కొత్త సారు కూసున్నడు. మంచోడే, కూసోమని కుర్చీ చూపిచ్చిండు. ఇన్ని దినాలు మీ ఆయన పేరు మీద నడిచిందమ్మా, ఆయన పోయిండు, ఇప్పుడు నువ్వు ఏ ఊరి మనిషివని రాయాలె అన్నడు. ఈమె మా ఊరి మనిషే అని పంచాయతీ తీర్మానం తెస్తేనే గడువు పెరుగుతదట. పౌరసత్వం దరఖాస్తు గూడ అప్పుడే కదులుతదట. తేకపోతే ఏమైతదని ఆమె అడిగింది. సారు కలం మూత పెట్టి, తీసి, మళ్ల పెట్టిండు. తెచ్చుకో అమ్మా అన్నడు అంతే.

సరిగ్గ అప్పుడే పంచాయతీ ఓట్లు వచ్చినయి. ఒక దిక్కు వెంకటేశం పటేలు, ఇంకో దిక్కు కిష్టప్ప సేటు. వెంకటేశం గెలిస్తే రంగూనక్కకు ఫికర్ లేదు, అడిగిన పొద్దే రాసిస్తడు. కిష్టప్పతోనే పరేషాన్. చెడ్డోడని గాదు. తూకంల మోసం లేదు, ఆకలన్నోనికి ఉద్దెర లేదనలేదు. కాకపోతే తాతల కాడి నుంచి దుకానం మనిషి. కాయితం మీద ఉన్నదే ఉన్నట్టు, లేనిది లేనట్టు.

ఓట్ల నాడు రంగూనక్క ఉతికిన చీర కట్టుకొని, మల్లమ్మ ఎనుక బడి ముంగట వరుసల నిలవడ్డది. మల్లమ్మ పక్కింటామె. నోరు పెద్దది, మనసు అంతకన్న పెద్దది. మల్లమ్మ ఓటేసి వచ్చింది. రంగూనక్క వంతు వచ్చేసరికి లోపల కూసున్న అధికారి లిస్టు మొత్తం తిప్పి చూసి, నీ పేరు లేదమ్మా అన్నడు. లేదని ఆమెకు తెల్వదా? తెలుసు. అయినా నిలవడ్డది.

"ఇంటి పన్ను కడుతున్న సారు. చేసే పని ఈడ, తినే బువ్వ ఈడ. నన్ను ఉండనిస్తరా ఎల్లగొడ్తరా అనేది ఇయ్యాల గెలిచినోళ్ల చేతులనే ఉన్నది. అందుల నాకు ఒక్క మాట గూడ లేదా?"

అధికారి లిస్టు మూసిండు. "నువ్వన్నది ఖరే అమ్మా. కానీ ఓటు ఈ దేశపు పౌరులకే. నువ్వు ఇంకా కాలేదు."

మల్లమ్మ కొట్లాటకు దిగింది. మా అందరి పిల్లల బొడ్డు కోసిన చెయ్యి, దానికింత సిరా చుక్క పెడితే మీ సర్కారు సొమ్మేం పోతది అన్నది. రంగూనక్కనే ఆమెను గుంజుకొచ్చింది. పోయి కుండెడు నీళ్లు, చెంబు తెచ్చుకొని బడి అరుగు మీద కూసున్నది. ఎండల వరుస కట్టినోళ్లకు సాయంత్రం దాక నీళ్లు పోసింది. అందరు ఎడమచేతి ఏలు మీద సిరా ఆరకముందే చెంబు పట్టుకుంటుంటే ఆ ఏళ్లను చూసుకుంట కూసున్నది. ఆమె చేతుల మీద పుట్టినోళ్లంత ఆమె దిక్కే ఉన్నరు, కాకపోతే వాళ్లకు అప్పుడప్పుడే పాలపండ్లు ఊడుతున్నయి. పుట్టి బొడ్డూడనోళ్లకు ఓటేడిది?

కిష్టప్ప గెలిచిండు. రంగూనక్క దుకానానికి పోయి తీర్మానం సంగతి అడిగింది. సేటు ఆమెను కూసోవెట్టి చాయ తాపిచ్చిండు. "నీ మీద నాకు గుస్సా లేదు అక్కా. కానీ ఓట్ల లిస్టుల పేరు లేని మనిషిని మా ఊరి మనిషని రాసి దస్తకత్ ఎట్ల చెయ్యాలె? రేపు సర్కారు నన్నడుగుతది. ముందుగాల బొడ్రాయి పండుగ కానీ, తర్వాత చూద్దాం" అన్నడు. పాపం, లోపల ఆయన గూడ నలిగిండు.

ఆ పండుగ కత చెప్పాలె. రోజూ కార్ఖానాకు పోయొచ్చేటోళ్ల కోసం వంగి లేచి, లేచి వంగి, బొడ్రాయి అడుగున గుంత సడలింది. ముట్టుకుంటే ఊగుతున్నది. రాయికి పూజ చేసే కొమురయ్య తాత, మళ్ల తీసి నిలవెట్టాలె, పండుగ చెయ్యాలె అన్నడు. ఆ పండుగ నాడు ఊరు కట్టడి. ఊరోళ్లు ఒక్కరు గూడ బయట ఉండొద్దు, అత్తగారిండ్లల్ల ఉన్న ఆడబిడ్డలు గూడ రావాలె. పరాయోళ్లు ఒక్కరు గూడ లోపల ఉండొద్దు. పొలిమేర చుట్టు పొలి బియ్యం చల్లినంక లోపలోళ్లు బయటికి పోవద్దు. ఇంటికొక బిందె చొప్పున రాయి మీద నీళ్లు పోసినంకనే కట్టడి ఇప్పుతరు.

ముందటి పండుగకు ఇంత తిప్పలు లేకుండె. పెద్దమనుషులు మొఖాలు చూసి చెప్పేటోళ్లు. ఇప్పుడు ఊర్ల కిరాయిదార్లు నిండిన్రు, బీహారోళ్లు, యూపీవోళ్లు, ఎవరు ఎవరో తెల్వదు. కిష్టప్ప సేటు ఆలోచన చేసి సులువు ఉపాయం కనిపెట్టిండు. డప్పు కొట్టిచ్చి చాటిచ్చిండు. ఆడబిడ్డలను విడిచిపెట్టి, మిగిలినోళ్లల్ల ఓట్ల లిస్టుల పేరున్నోళ్లు, వాళ్ల పిల్లలు ఊరోళ్లు. పేరు లేనోళ్లు పొద్దు పొడవకముందే పొలిమేర దాటాలె.

డప్పు చప్పుడు రంగూనక్క ఇంటి ముంగట గూడ ఆగి, అదే మాట చెప్పి పోయింది. మల్లమ్మ కొంగు నడుముకు చెక్కి సేటు మీదికి పోయింది. ఒక్కరికి సడలిస్తే రేపు కిరాయిదార్లంత అడుగుతరు, నేనేం చెప్పాలె అన్నడు సేటు. మల్లమ్మ ఏడ్చుకుంట తిరిగొస్తే రంగూనక్కనే ఓదార్చింది. ఒక్క పూట గద, పోయొస్త తీయ్ అన్నది. పైకి అన్నది గానీ, ఆ రాత్రి ముద్ద దిగలేదు.

పండుగ నాడు మబ్బులనే, ఇంకా చీకటుండంగనే లేచి, సద్ది మూట కట్టుకొని, గుమ్మడిదల బాటల కాలువ మీది మోరీ కాడికి పోయి కూసున్నది. ఊరికి తూర్పు అది. కిరాయిదార్లు నలుగురు అక్కడ పేకాట మొదలు పెట్టిన్రు. బడి పంతులు వీర్రాజు సారు గూడ పుస్తకం పట్టుకొని వచ్చిండు. ఆయనది గోదావరి పక్క. ఓటు అక్కడనే ఉన్నది. ఆయనకు ఇది సెలవు దినం లెక్క. ఈల ఏసుకుంట కూసున్నడు.

కొద్దిసేపటికి మేక నెత్తురు కలిపిన బియ్యం చల్లుకుంట మనుషులు ఆమె ముంగట నుంచే పోయిన్రు. ఎర్రటి గింజల గీత మోరీకి అవతల పడ్డది. ఊరు ఆ దిక్కు, ఆమె ఈ దిక్కు. చల్లేటోళ్లల్ల ఒకడు తల ఎత్తి ఆమెను చూడలేక నేల చూసుకుంట పోయిండు. వాని ఇద్దరు పిల్లల్ని బయటికి తీసింది ఈమెనే.

రంగూనక్కకు కోపం రాలేదు. ఎల్లగొట్టిన్రన్న బాధ గూడ అంత లేదు. ఆమె గుండెల రాయి పడ్డది వేరే దానికి. ఇన్నేండ్లు ఏ దినం రావొద్దని దేవునికి మొక్కిందో ఆ దినం వచ్చింది. ఇయ్యాల కార్ఖానాకు ఎవరూ పోలేదు. ఆడబిడ్డలంత వచ్చిన్రు. ఊరు ఊరంత లోపల ఉన్నది, తానొక్కతి బయట ఉన్నది. కొత్త గుంతల రాయిని నిలవెడ్తరు. అది కదలకుంట నిలవడ్తది. ఊరంత చూస్తది. ఇగ కిష్టప్పను తప్పు పట్టనీకె గూడ ఉండదు. రాయే చెప్పినంక ఏ నోటితోని తీర్మానం అడగాలె? ఆమె మోకాళ్ల మీద తల పెట్టుకొని కూసున్నది.

ఊర్ల డప్పులు మొదలైనయి. నీళ్లు పోస్తున్నరన్న మాట. ఆడబిడ్డల పాటలు వినొస్తున్నయి. ఎండ మోరీ మీదికి ఎక్కింది. అయిపోతది, ఇప్పుడో ఇంకాసేపటికో ఆఖరి బిందె పోస్తరు, కట్టడి ఇప్పుతరు అనుకున్నది.

డప్పులు ఆగినయి. పాటలు గూడ ఆగినయి. పేకాటోళ్లు తలెత్తి ఊరి దిక్కు చూసిన్రు. తర్వాత ఒక్క గొంతు వినొచ్చింది, కిష్టప్ప సేటుది. పేర్లు చదువుతున్నడు. ఒక పేరు చదువుడు, ఉన్న అని జవాబు. ఇంకో పేరు, ఉన్న అని ఇంకో జవాబు. లిస్టు ఆఖరు దాక చదివిండు. మళ్ల మొదటి నుంచి చదివిండు. అక్కడేం జరుగుతున్నదో ఆమెకు సమజ్ కాలేదు.

ఇంకొద్దిసేపటికి బాట మీద దుమ్ము లేసింది. ముంగట కిష్టప్ప సేటు, ఎనుక కొమురయ్య తాత, మల్లమ్మ, వాళ్ల ఎనుక సగం ఊరు. గింజల గీత కాడికి వచ్చి అందరు ఆగిన్రు. దాటొద్దు గద. సేటు ఉత్త కాళ్లతోని ఉరికొచ్చిండు. ఆయన చేతుల లిస్టు చెమటకు తడిసింది.

"అక్కా, లోపలికి రా."

ఆమె లేచి నిలవడ్డది గానీ అడుగు ఏయలేదు. "ఎందుకు సేటు?"

"రాయి నిలవడ్తలేదు. నీళ్లు పోసినకొద్ది ఒరుగుతున్నది. రెండుసార్లు లెక్క చూసినం. అందరున్నరు."

"సక్కగ చూడున్రి. ఎవరో ఆడబిడ్డ వచ్చి ఉండదు."

"అందరు వచ్చిన్రు."

"ఎటు వంగింది?"

కొమురయ్య తాత కట్టె ఎత్తి ఆమెనే చూపించిండు. "తూర్పుకు వంగింది బిడ్డా. నీ మొగని కోసం వంగిన దిక్కే. లిస్టుల ఉన్నోళ్లను పిలిచింది చాలు సేటు, లేనిదాన్ని పిలువు అని నేనే అన్న."

ఆమె నమ్మలేదు. ఎట్ల నమ్ముతది? ఎనుకకు తిరిగి పంతులు దిక్కు చూసి, "వీర్రాజు సారు కోసం వంగిందేమో. పిల్లలకు సదువు చెప్పే మనిషి గద" అన్నది.

వీర్రాజు సారు పుస్తకం మూసి లేచిండు. "నా కోసం వంగాల్సిన ఊరు గోదావరి గట్టున వేరే ఉందమ్మా. నా ఓటూ అక్కడే ఉంది. మీకే, ఇది తప్ప ఇంకోటి లేదు. వెళ్లండి" అన్నడు.

ఆమె కాలు ఎత్తి గింజల గీతకు ఆ దిక్కు పెట్టింది. రెండో కాలు గూడ పెట్టింది. ఊరి నడుమ నుంచి ఒక్కసారి డప్పులన్ని మోగినయి. రాయి నిలవడ్డదని అరుపులు వినొచ్చినయి. మల్లమ్మ ఆమెను పట్టుకొని బోరుమన్నది. కిష్టప్ప సేటు తడిసిన లిస్టును మడిచి అంగి జేబుల పెట్టుకున్నడు. అక్కా నన్ను మాఫ్ చెయ్ అని అందరి ముంగట అన్నడు. దుకానం మనిషి అంత మాట అనుడు ఊరు ఎన్నడూ వినలేదు.

ఆమె ఉరుకులాట మీద రాయి కాడికి పోయింది. పోయేసరికి అది నిటారుగ నిలవడి ఉన్నది, నీళ్లు కారుకుంట, ఏం ఎరగనట్టు. ఊరంత చూసింది, తనకు తప్ప. అందరికి అంతే గద అని మనసుకు చెప్పుకున్నది గానీ, రాయి చుట్టు తిరిగి తూర్పు దిక్కు ఒకసారి వంగి చూసింది.

సాయంత్రం సేటు భార్య గాజులు తెచ్చింది. మొగడు పోయినదానికి గాజులేంది అని ఎవరో ముసల్ది గొణిగింది. మల్లమ్మ ఇనవడేటట్టే జవాబు చెప్పింది. "ఇవి మొగడు పెట్టినయి గావు అత్తా, ఊరు పెట్టినయి" అని, రంగూనక్క చెయ్యి పట్టుకొని పచ్చగాజులు ఎక్కించింది.

మరునాడే పంచాయతీ కూసొని తీర్మానం రాసిన్రు. సంగారెడ్డి సారు చదువుకొని ముద్ర ఏసిండు. ఆ తర్వాత దరఖాస్తు సంగారెడ్డి నుంచి హైదరాబాదుకు, హైదరాబాదు నుంచి ఢిల్లీకి ఎట్ల పోయిందో, ఏడేడ పండుకున్నదో చెప్తే తెల్లారిపోతది. రంగూనక్క మాత్రం ఇగ ఫికర్ చెయ్యలేదు. చుట్టుపక్కల ఊర్లకు కాన్పులకు గూడ పోవుడు మొదలువెట్టింది. రాయి నా కోసం వంగుతున్నదా అని ఎవర్ని అడగలేదు. అడిగితే నవ్వుతరని సిగ్గు.

ఆఖరికి పౌరసత్వం వచ్చింది. లిస్టుల ఆదిలక్ష్మి అన్న పేరు పడ్డది. డెబ్బై ఏడుల ఢిల్లీ ఓట్లు వచ్చినయి. ఆ సారి మోదుగుకుంటోళ్లకు ఓటు జిన్నారం బడిల పెట్టిన్రు. కార్ఖానాలకు సెలవు. పొద్దుగాల్నే బండ్లు కట్టుకొని ఊరంత బయలెల్లింది. ముందటి బండిల ముందటి జాగ రంగూనక్కది అని మల్లమ్మ అందరితోని చెప్పి పెట్టింది.

బండి ఎక్కబోతుంటే కిష్టప్ప సేటు కోడలు కమలకు నొప్పులు మొదలైనయి. బిడ్డ కాళ్లతోని దిగుతున్నది. రంగూనక్క బండి దిగి, గాజులు పైకి నెట్టుకొని లోపలికి పోయింది. పోయినోళ్లు ఓట్లేసి తిరిగొచ్చిన్రు. కిష్టప్ప సేటు గూడ పోయొచ్చిండు. ఆమె ఇంకా బయటికి రాలేదు. సేటు ఒకసారి గోడ గడియారం చూసుడు, ఒకసారి లోపలి తలుపు చూసుడు. కోడలికేమైతదో అని ఒక భయం, ఈమె ఓటు పోతదేమో అని ఇంకో భయం. పొద్దు పడమటికి మళ్లినంక పిల్ల ఏడ్పు వినొచ్చింది. ఆడపిల్ల. తల్లి క్షేమం. రంగూనక్క బొడ్డు కోసి, కట్టు కట్టి, చేతులు కడుక్కొని బయటికి వచ్చేసరికి సేటు బాట మీద పోయే లారీని అడ్డం నిలవడి ఆపిండు.

"జల్దీ ఎక్కు అక్కా. బడి మూస్తరు."

లారీ ఆమెను జిన్నారంల దింపి పోయింది. బడి తలుపు కాడ అధికారి బల్లలు సర్దుకోబోతున్నడు. పేరు అడిగిండు. ఆదిలక్ష్మి అన్నది. ఎవరో పరాయి మనిషి పేరు చెప్పినట్టు అనిపించింది. ఆయన లిస్టుల ఏలు పెట్టి చూసి, ఉన్నది అన్నడు. ఎడమచేతి ఏలు మీద సిరా పెట్టిండు. అది సల్లగ తగిలింది. తెర ఎనుక ముద్ర ఏసి, కాయితం మడిచి డబ్బల ఏసి బయటికి వచ్చింది. అరుగు మీద నీళ్ల కుండ ఉంటే చెంబెడు తాగింది.

పోయేటప్పుడు లారీ దొరికింది గానీ వచ్చేటప్పుడు ఏదీ దొరకలేదు. నడిచొచ్చింది. పొద్దున తాగిన చాయ తప్ప కడుపుల ఏం లేదు. దారిపొంటి ఏలు చూసుకుంట, ఇంటికి పోయి పొయ్యి రాజేయాలె, పుల్లలు ఉన్నయో లేవో అనుకుంట నడిచింది. సందెపొద్దుకు పొలిమేర దాటింది. బొడ్రాయి ముంగట ఒక్క గడియ ఆగింది. అది ఎప్పటిలెక్కనే నిటారుగ ఉన్నది. సిరా ఏలుతోని దాన్ని ముట్టుకొని ఇంటికి పోయింది.

ఇంటి ముంగట అరుగు మీద మల్లమ్మ కూసొని ఉన్నది. పీట ఏసి ఉన్నది. కంచంల బువ్వ పొగలు కక్కుతున్నది, పక్కన పప్పుచారు. అప్పుడే వార్చిన గంజి గిన్నె మీద ఇంకా ఆవిరి లేస్తున్నది.

రంగూనక్క నిలవడిపోయింది. ఊరంత పొద్దుగాల్నే పోయి పగటికే తిరిగొచ్చింది. కార్ఖానాకు పోయినోళ్లు లేరు. బయట ఉన్నది తానొక్కతే. మెల్లగ అడిగింది.

"నేను గిప్పుడే వస్తనని నీకెట్ల తెలిసె మల్లమ్మా?"

"ఎట్ల తెలుస్తది? ఎట్ల తెలిసేదో అట్లనే తెలిసింది. బెత్తెడు వంపు ఉన్నదనంగ బియ్యం ఏసిన. రాయి నిలవడ్డది, గంజి వార్చిన. తిను, సల్లారుతది."

రంగూనక్క చెయ్యి కడుక్కొని పీట మీద కూసున్నది. ముద్ద కలిపి నోట్ల పెట్టుకున్నది. మింగలేకపోయింది. ఎడమచేతి సిరా ఏలుతోనే కండ్లు తుడుచుకొని, మళ్ల ముద్ద కలిపింది. బువ్వ చెయ్యి కాలేటట్టు ఉన్నది.